కుండ ఉండే చోటు

"అయ్యా, ఆ మామ్మ నా చేత సేవ చేయించుకోదు" అని కామేశం గురువుగారి దగ్గర మొర పెట్టుకున్నాడు.

గురువు భద్రయ్యగారు వంశధార ఒడ్డున ఒక మఠం నడిపేవారు. మఠమంటే గోపురాలూ గంటలూ ఏమీ లేవు. ఒక పెంకుటిల్లు, దాన్నానుకుని తొమ్మిది గదుల వరస. నా అన్నవాళ్ళు లేని ముసలివాళ్ళూ, మంచం దిగలేని రోగులూ ఆ గదుల్లో ఉండేవారు. వాళ్ళని చూసుకోవడమే అక్కడి పూజ.

కామేశం కాంపౌండరు పని నేర్చినవాడు. నాలుగేళ్ళ క్రితం వచ్చి శిష్యుడుగా ఉండిపోయాడు. కట్లు కట్టేవాడు, ఒళ్ళు తుడిచేవాడు, గంజి తాగించేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కామేశం అడక్కుండానే పెట్టేవాడు. అదే అతని గొప్ప. ఆ సంగతి అతనికీ బాగానే తెలుసు.

చివరి గదిలో ఉండే తవిటమ్మ ఒక్కతే అతనికి కొరుకుడు పడలేదు.

ఆమెకి పదేళ్ళ క్రితమే రెండు కళ్ళూ పోయాయి. అయినా పొద్దున్నే అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుట్టడానికి కూర్చునేది. వేళ్ళతో ఆకు ఈనె తడిమి చూసి, ఆకు మీద ఆకు వేసి, సన్నటి పుల్లతో టకటకా కుట్టేది. మఠంలో గురువుగారి దగ్గర్నించి అందరూ అన్నం తినేది ఆ విస్తళ్ళలోనే. దాహమైతే తనే లేచేది, కుండలో తనే ముంచుకునేది.

"నేను ముంచిస్తాను కదా మామ్మా" అంటే ఒప్పుకునేది కాదు.

"నీ పని నువ్వు సూసుకోరా కామేసు. నా నీల్లు నాను తాగుతాను, నా కూడు కోసం నాను కుడతాను. కల్లే పోనాయి గానీ నాను పోనేదు" అనేది.

ఆ గది కామేశం కంటికి చిందరవందరగా కనిపించేది. నేల మీద ఒకచోట ఆకుల కట్ట, ఇంకోచోట పుల్లల బుట్ట, నడిచే దారిలో కాలికి తగిలేలా నీళ్ళకుండ. ఎన్నోసార్లు దాన్ని తన్నుకున్నాడు. తన్నుకున్నప్పుడల్లా కుండని తిట్టేవాడు.

"చేయించుకోకపోతే మానెయ్యి నాయనా" అన్నారు భద్రయ్యగారు నవ్వుతూ.

మానెయ్యడం కామేశానికి చేతకాలేదు.

మాఘమాసంలో భద్రయ్యగారి గురువుగారి ఆరాధన వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. వచ్చినవాళ్ళు రోగుల గదులు కూడా చూసి వెళ్తారు. అందుకని కామేశం గదులన్నీ శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. చివరి గది వంతు వచ్చేసరికి తవిటమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బయట అరుగు మీద ఎండలో కూర్చోబెట్టాడు.

లోపల చప్పుళ్ళు విని ఆమె అడిగింది. "ఏటి జరుపుతున్నావురా?"

"ఏం లేదు మామ్మా. నీకు సుఖంగా ఉండేలా సర్దుతున్నాను."

"కుండ మాత్రం కదపకు బాబూ."

"ఇంకా నీకు కుండతో ఏం పని మామ్మా! దాహమైతే నన్నో కేకెయ్యి, చాలు."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అతను అప్పటికే ఆకుల కట్ట అటక మీదికి ఎక్కిస్తున్నాడు. పుల్లల బుట్ట కూడా అక్కడే పెట్టాడు. కుండని మూలనున్న ఎత్తు పీట మీదికి చేర్చాడు. మంచాన్ని కిటికీ కిందికి జరిపాడు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి గది మధ్యలో ఒక బల్ల వేశాడు. చివర్లో నేలంతా పేడతో నున్నగా అలికి, ముగ్గు పెట్టాడు.

సాయంత్రం భద్రయ్యగారు గదులన్నీ తిరిగి చూస్తూ అక్కడ ఆగారు. "గది అద్దంలా ఉంది కామేశం" అని భుజం తట్టారు. కళ్ళు లేని మనిషి గదికి అద్దం దేనికని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆరాధన మూడు రోజులు. మొదటి రోజు తవిటమ్మ అయిదుసార్లు కేకేసింది. నీళ్ళకి రెండుసార్లు, దొడ్డికి రెండుసార్లు, చేతికర్ర ఎక్కడుందో కనుక్కోడానికి ఒకసారి. ఎన్ని పనులున్నా వదిలేసి కామేశం పరిగెత్తాడు. ఆమె తల ఎత్తి నీళ్ళు తాగించాడు. ఎత్తనవసరం లేదు, ఆమె తల బాగానే నిలబడుతుంది. కానీ ఆ క్షణంలో అతని మనసు ఎంత నిండిపోయిందంటే, మామ్మ చివరికి దారికొచ్చిందని వంటింట్లో నలుగురికీ చెప్పుకున్నాడు.

రెండో రోజు మూడుసార్లు పిలిచింది. పిలిచి ఊరుకునేది. ముందులా "ఒరే కామేసు" అన్న అరుపు లేదు. పక్కగదిలో కాళ్ళు పడిపోయి ఉన్న నరసన్న గోడ అవతల నించి మేలమాడాడు. "ఇయ్యాల మారాణిగోరి కేకలు తక్కువైనాయే!" అన్నాడు. అతని మాటలో విషమేమీ లేదు. కానీ ఆ పూటకి తవిటమ్మ మళ్ళీ పిలవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్ద పంక్తి నడుస్తోంది. కామేశం పులుసు వడ్డిస్తున్నాడు. చివరి గదిలోంచి ఒకే ఒక్క పిలుపు వినిపించింది. విన్నాడు. ఈ వరస అయ్యాక వెళ్దాం అనుకున్నాడు. ఆ వరస అయ్యింది, ఇంకో వరస మొదలైంది.

ఏదో పడిన చప్పుడైంది.

వెళ్ళి చూస్తే తవిటమ్మ బల్ల పక్కన నేల మీద ఉంది. కుండ ఎక్కడుందో వెతుక్కుంటూ లేచింది. మంచం దిగగానే ఎటు తిరిగిందో ఆమెకే తెలియలేదు. ఉండకూడని చోట ఉన్న బల్ల మోకాలికి తగిలింది. చెయ్యి కింద పెట్టుకుని పడింది. కుడిచెయ్యి.

విరిగిన ఎముకలకి కట్లు కట్టే సత్తెయ్యని పిలిపించారు. వెదురు బద్దలు వేసి బిగించాడు. "ఎముక అతుక్కుంటాది. కానీ ఈ వయసులో ఆ ఏల్లకి మల్లీ పట్టు రాదు" అన్నాడు. పుల్ల పట్టుకోడానికి వేళ్ళకి పట్టుండాలి. అది అక్కడున్న అందరికీ తెలుసు. తవిటమ్మ "ఇస్తల్లు ఎన్ని మిగిలినాయి?" అని అడిగింది.

అవి తొమ్మిది రోజులు వచ్చాయి. ఆ తరవాత మఠంలో భోజనాలు అరిటాకుల్లో జరిగాయి.

పదిహేను రోజులు కామేశం అందరికీ మొహం చాటేసుకుని తిరిగాడు. పని మాత్రం మానలేదు. ఇక ఉండబట్టలేక ఒక పొద్దున భద్రయ్యగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నన్ను తిట్టండి అయ్యా. ఆమె మంచి కోరే చేశాను. నా తప్పెక్కడో చెప్పండి."

భద్రయ్యగారు లేచి, అతన్ని వెంటబెట్టుకుని చివరి గదికి నడిచారు. తవిటమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మెడకి కట్టిన గుడ్డలో చెయ్యి ఊయలలా వేలాడుతోంది. గురువుగారు మూలకి వెళ్ళి పీట మీది కుండని తనే ఎత్తి తెచ్చి కామేశం చేతుల్లో పెట్టారు.

"దీన్ని దాని చోట పెట్టు" అన్నారు. అని గడప అవతలికి వెళ్ళి నిలబడ్డారు.

కామేశం ముందుకి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

మంచం తలవైపా, కాళ్ళవైపా? గోడకి దగ్గరగానా, గుమ్మానికి ఎదురుగానా? నాలుగేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఆ గదిలోకి వచ్చాడు. కుండ కాలికి తగిలినప్పుడు తిట్టాడే తప్ప, అది ఎక్కడుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఏళ్ళ తరబడి ఒకే చోట ఉన్న కుండకి నేల మీద గుండ్రటి మరక ఉండి తీరాలి. వంగి వెతికాడు. నేలంతా నున్నగా ఉంది. దాని మీద పేడ అలికింది తనే.

"నాకు తెలియదయ్యా" అన్నాడు.

"తెలిసినవాళ్ళని అడుగు."

కామేశం మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామ్మా, కుండ ఎక్కడుండేది?"

ఆమె ఎడమచెయ్యి దుప్పటి అంచుని సాపు చేస్తోంది.

"చెప్పు మామ్మా. నీకెక్కడ కావాలో అక్కడే పెడతాను. ఇంకెప్పుడూ కదపను."

"మీకెక్కడ ఈలుగా ఉంటే అక్కడెట్టండి బాబూ."

కామేశం ఆమె మొహంలోకి చూశాడు. కోపం ఉంటుందేమోనని ఆశపడ్డాడు. ఒక్క తిట్టు తిడితే బతికిపోదును అనుకున్నాడు. అక్కడ కోపమేమీ లేదు.

"నీకేది వీలో అది చెప్పు మామ్మా, నాది కాదు."

"నాకేటి కావాల బాబూ. మీరెట్టిందే."

"తప్పు చేశాను మామ్మా."

"మీరేటి తప్పు సేసినారు? బాగానే సూసుకున్నారు కదా" అంది. అంటూనే, అతను లేవడానికి వీలుగా కాళ్ళు పక్కకి తీసుకుంది.

అతను లేచి గుమ్మం దగ్గరకి వచ్చాడు. కుండ ఇంకా చేతుల్లోనే ఉంది. అందులో నీళ్ళు తొణికి చొక్కా తడిసింది. గడప అవతల ఉన్న గురువుగారి వైపు చూశాడు.

"అంత రోషంగల మనిషి. ఇలా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుందయ్యా?"

భద్రయ్యగారు తల వంచుకుని నేలనే చూస్తున్నారు.

"మనం నేర్పాం" అన్నారు.