ఎర్రనీరు నేర్చుకున్న మాట

అనగనగనగా, మా ముత్తవ్వకు ముత్తవ్వ పుట్టకముందు, వాన మాత్రం పుట్టిన తరువాత, కొండల నడుమ ఒక చెరువు ఉండేదట.

ఎండాకాలంలో ఆ చెరువు నీళ్ళు అద్దంలా ఉండేవి. వంగి చూస్తే అడుగున గులకరాళ్ళు, పైన మన ముఖం. వానలు పడ్డాయా, కొండల మీది ఎర్రమట్టంతా కరిగి చెరువులోకి దిగేది. నీరు పొంగి గట్టువార తుమ్మచెట్ల మొదళ్ళు మింగేది, తరువాత నడుములు మింగేది, ఆఖరికి కొమ్మలు మాత్రమే పైకి కనిపించేవి. అప్పుడు వంగి చూస్తే నీళ్ళలో ముఖం ఉండేది కాదు. వంగిన మనిషి ఉన్నాడో లేడో నీటికే తెలియనట్టు!

ఆ గట్టున పైడయ్య, వాడి పెళ్ళాం తౌడమ్మ చేపలు పట్టుకుని బతికేవారు. పైడయ్యకు సన్నాసి అని ఒక తమ్ముడు ఉండేవాడు. కిందటేటి ఎర్రనీటిలో తెప్ప వేసుకుని పోయినవాడు మళ్ళీ రాలేదు. తెప్ప వచ్చింది, వాడు రాలేదు.

ఎర్రనీరు వచ్చినప్పుడు చేపకు కళ్ళు కనిపించవు. అందుకని నడిచెరువు విడిచి ఒడ్డుకు వస్తుంది, మునిగిన తుమ్మకంపలో ఒదిగి కూర్చుంటుంది. మోకాలిలోతులో నిలబడి, కంప పక్కనే గాలం నిదానంగా దించి, వానపామును చేప మూతికి తగిలేలా ఆడించాలి. ఎర ఎక్కడుందో చేప వెతకదు, మనమే వెతికి పెట్టాలి. మొగుడూ పెళ్ళాం అలాగే పట్టేవారు. ఒక జెల్ల, రెండు మట్టగిడసలు. పూట గడిచేది.

ఒకనాడు వాన వెలిసిన పొద్దున, మంచులోంచి ఒక పిలుపు వచ్చింది.

"ఒరే పైడిగా! ఒడ్డున ఏటి ఏరుకుంతన్నావు? చేపలన్నీ ఇక్కడే ఉన్నాయిరా. నడిమికి రా!"

అది గంగాలవ్వ గొంతు. ఊళ్ళోకెల్లా పెద్దది గంగాలవ్వ.

తౌడమ్మ ఫక్కున నవ్వింది. "తానానికి నీళ్ళు తోడుకోడానికే బయపడే ముసల్ది, నడిచెరువుకి ఎప్పుడెల్లిందీ?"

నవ్వింది గాని, మళ్ళీ గాలం దించలేదు. ఇద్దరూ గాలాలు చుట్టుకుని ఇంటికి వచ్చేశారు. గంగాలవ్వ తన అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"నేనా? చెరువులోనా?" అని చేతిలో చింతపండు జారవిడిచింది. "ఒలమ్మా, ఎర్రనీరు లేచిందన్నమాట. దానికి కళ్ళుండవే తౌడూ, చెవులే. నీటి మీద ఏ గొంతు పడితే ఆ గొంతు నేర్చుకుంటాది. ఎప్పుడో నే బిందె ముంచుతా అరిసుంటాను. దానికి చెయ్యిచ్చినోడు మరి రాడు."

"మరి నిజం మనిసిని ఎలా పోల్చుకోడం అవ్వా?"

"మనం గడప దిగేటప్పుడు ఏటంటాం? 'ఎల్లొత్తాను' అంటాం. ఆ మాట ఇంటికాడ అంటాం, చెరువుకాడ అనం. దానికెలా తెలుత్తాది? 'ఇంటికాడ ఏటని బయల్దేరావు' అని అడుగు. నోరు పెగలదు దానికి."

మంచి ఉపాయమే. చెరువుకు తెలియనంత కాలం.

మర్నాడు మళ్ళీ మంచు. మళ్ళీ పిలుపు. ఈసారి గొంతు వినేసరికి పైడయ్య చేతిలో గాలం నీళ్ళలో పడిపోయింది.

"అన్నా... సలేత్తంది అన్నా. నడిమినున్నాను. తెప్ప తే."

సన్నాసి! అదే గొంతు, మాట చివర అదే సాగదీత. పైడయ్య ఏడుస్తూ నీళ్ళలోకి అడుగు వేశాడు. తౌడమ్మ వాడి మొలతాడు పట్టుకుని వెనక్కి లాగి, మంచువైపు తిరిగి అడిగింది.

"ఒరే మరిదీ! ఇంటికాడ ఏటని బయల్దేరేవోడివిరా?"

చెరువు ఊరుకుంది. నీళ్ళు కంపకు తగులుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. చెరువంతా చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంది.

అప్పుడు పైడయ్య ఆగలేక గుండెలు బాదుకున్నాడు. "మరిసిపోయావేటిరా తమ్ముడా! 'ఎల్లొత్తానొదినా' అని నవ్వుతా దిగేవోడివి కాదేటిరా!"

తౌడమ్మ చప్పున వాడి నోరు మూసింది. కాని మాట దాటిపోయింది. నీటి మీద పడింది. ఎర్రనీటిలో ఒక చిన్న సుడి లేచి, ఆ మాటను మింగినట్టుగా మునిగిపోయింది.

ఆ రోజు పైడయ్య ముద్ద ముట్టలేదు. మూడోనాడు తెల్లవారుతూనే తెప్ప గెడ భుజాన వేసుకున్నాడు. తౌడమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అది నీ తమ్ముడు కాదు మావా."

"నీకేటి తెలుసు? నీ తోడబుట్టినోడైతే ఇలాగే నిలబడుందువా?"

"నా తోడబుట్టినోడైనా నిన్ను ఎల్లనివ్వను."

"అడ్డు లెగు. పోతన్నాను!"

అని ఆమెను పక్కకు నెట్టి దిగిపోయాడు. గడపలో అనకూడని మాట అన్నాడు. తౌడమ్మ కాసేపు కోపంతో కూర్చుంది. తరువాత కోపం భయమైపోయి, మూలనున్న మోకుతాడు భుజాన వేసుకుని పరుగెత్తింది.

గట్టున ఏమీ కనిపించలేదు. మంచు, మంచు కింద ఎర్రనీరు. తెప్ప ఒక్కటే బోర్లాపడి మెల్లగా ఒడ్డుకు వస్తోంది, కిందటేడు వచ్చినట్టే.

"మావా!" అని కేక వేసింది.

"తౌడూ! ఇక్కడున్నాను. తాడు ఇసురు!" అని కుడివైపు నుంచి వినిపించింది.

"తౌడూ! ఇక్కడున్నాను. తాడు ఇసురు!" అని ఎడమవైపు నుంచి వినిపించింది.

రెండూ పైడయ్య గొంతులే. అదే బొంగురు, అదే ఆయాసం. ఉన్నది ఒక్క మోకు. ఒక కొన నడుముకు బిగించుకుంది. తప్పు చేతికి ఇస్తే తనూ లోపలికే. ఆలోచిస్తూ నిలబడితే మనిషి దక్కడు. ఆమె కాళ్ళ దగ్గర నీరు ఇంకా పెరుగుతూనే ఉంది.

తౌడమ్మ అడిగింది. "ఇంటికాడ ఏటని బయల్దేరావు మావా?"

ఎడమవైపు గొంతు తడుముకోలేదు. తేనెలో ముంచినట్టు పలికింది. "ఎల్లొత్తానన్నాను కదే తౌడూ. నవ్వుతా అన్నాను."

కుడివైపు నుంచి మాట రాలేదు. ఎవరో ఎగశ్వాస పీలుస్తున్నారు, అంతే.

"ఇసురే తౌడూ," అంది ఎడమవైపు గొంతు ఇంకా మెత్తగా. "ఎల్లొత్తానన్నాను కదే."

అప్పుడు కుడివైపు నుంచి, సిగ్గుతో చితికిపోయిన గొంతు లేచింది.

"నేనలా అనలేదే. పోతన్నానన్నాను. నిన్ను నెట్టేసొచ్చాను."

తౌడమ్మ కుడివైపే విసిరింది.

మోకు బిగిసింది. కాళ్ళు బురదలో దిగేసి, వెనక్కి వాలి, పళ్ళు బిగబట్టి లాగింది. మంచులోంచి ముందు ఒక చెయ్యి, తరువాత ఒక తల బయటపడ్డాయి. తమ్ముడి గొంతు వెంట పోయి పోయి, తెప్ప తిరగబడి, మునిగిన తుమ్మచెట్టు చిటారుకొమ్మ పట్టుకుని వేలాడాడట పైడయ్య. ఒళ్ళంతా ముళ్ళే.

"ముళ్ళు గుచ్చుకున్నాయే," అన్నాడు వణుకుతూ.

"గుచ్చుకోనీ. తమ్ముడు కావాలన్నావు, తుమ్మచెట్టు దొరికింది," అని తిడుతూ, ఏడుస్తూ, కొంగుతో వాడి తల తుడిచింది.

ఇద్దరూ గట్టెక్కి వెనక్కి చూడకుండా నడిచారు. వెనకనుంచి గొంతు వస్తూనే ఉంది. ముందు పైడయ్య గొంతుతో, "మరి నేనో తౌడూ?" అని. తరువాత గంగాలవ్వ గొంతుతో. ఆఖరికి, పాపం, సన్నాసి గొంతుతో, "ఎల్లొత్తానొదినా... ఎల్లొత్తానొదినా..." అని. కొత్త మాట నేర్చిన పసిబిడ్డ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి అన్నట్టు.

ఆ చెరువు ఇప్పటికీ వానాకాలంలో ఆ మాట అంటుందట. వినడానికి ఎంతో తియ్యగా ఉంటుందట. ఆ ఊరివాళ్ళు మాత్రం మోకాలిలోతు దాటకుండా, కంప పక్కన గాలం దించుకుని, మాట్లాడకుండా చేపలు పట్టుకుంటారట. ఇంటి దగ్గర ఎంత పోట్లాడుకున్నా, గడప దిగేటప్పుడు మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, ఆ ఒక్క మాటా అని దిగుతారట.

కనుక పిల్లలూ, మనకు నచ్చే మాట ఏ గొంతైనా నేర్చుకోగలదు. తన తప్పు తాను చెప్పుకునే గొంతునే నమ్మాలి.