జాడీ ఒకటి, తొర్రలు నాలుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మామిడిచెట్లు ఎక్కువ, మామిడికాయను ఏం చేసుకోవాలో తెలిసినవాళ్లు తక్కువ. బాగా తెలిసింది గవరమ్మ ఒక్కదానికే. గవరమ్మ ముసలి కొండముచ్చు. మొహం నలుపు, కనుబొమలు తెలుపు, చేతులు మాత్రం ఎండాకాలమంతా ఎరుపు. కాయలు దించి, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి పెద్ద జాడీడు ఆవకాయ పెట్టేది. తొలకరికి ముందు జరిగే సంతకు ఆ జాడీ మోసుకుపోయేది.

అడవిలో డబ్బులెక్కడివి? ఎలుగుబంటి అప్పన్న తేనె తెచ్చి ఇచ్చి ఆవకాయ పట్టుకుపోయేవాడు. అడవిపంది వరహాలు దుంపలు తెచ్చేవాడు. జింక కనకం ఎండబెట్టిన ఇప్పపూలు తెచ్చేది. వానలు పట్టి గుహ వదలలేని రోజుల్లో గవరమ్మ తినేది అవే. ఆవకాయ అమ్ముడుపోలేదా, ఇక ఆ వానాకాలం పస్తులే.

పోయిన ఏడు అప్పన్న సంతకు రాలేదు. తరవాత కనబడితే గవరమ్మ అడిగింది, "ఏరా, రాలేదేం?"

"అయ్యో, మరిచేపోయాను మామ్మా!" అన్నాడు అప్పన్న, నవ్వుతూ.

వాడు నవ్వేసి పోయాడు. ఆమెకు మాత్రం ఆ మాట లోపల ముల్లులా దిగబడింది. ఎందుకంటే ఈమధ్య ఆమెకే మతిమరుపు వచ్చిపడింది. గరిటె చేత్తో పట్టుకుని గరిటె కోసం గుహంతా గాలించేది. కనకాన్ని ఎప్పుడో పోయిన వాళ్లమ్మ పేరుతో పిలిచేది. 'నేను వాళ్లను మరిచిపోతున్నాను. వాళ్లు నన్ను మరిచిపోతున్నారు. ఇక నేను ఉన్నట్టా, లేనట్టా?' అని దిగులుపడేది.

సరిగ్గా ఆ దిగులు వాసన పట్టినట్టు వచ్చాడు ఊసరవెల్లి రంగయ్య. ఆవకాయ కలిపి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి, గవరమ్మ చేతులు కడుక్కుంటున్న సమయమది. ఈ రంగయ్య పక్క అడవిలో ఒక బాతుకు గొప్ప పేరు తెచ్చిపెట్టానని చెప్పుకుంటాడు. ఆ బాతు గుడ్లెలా ఉంటాయని అడిగితే, "గుడ్ల సంగతి నాకు తెలియదు, పేరు మాత్రం మోగిపోయింది" అంటాడు.

"మామ్మగారూ, మీ సరుకు బంగారం. మీకు లేనిదల్లా ప్రచారం," అన్నాడు రంగయ్య.

"ప్రచారమంటే ఏం చెయ్యాలి నాయనా?"

"రాయాలి. ఎవరికి తగిన మాట వాళ్లకు రాయాలి. ఎలుగుకు చెప్పే మాట జింకకు చెప్పకూడదు. నన్ను చూడండి, ఏ కొమ్మ మీద ఆ రంగు. వ్యాపారమంటే ఇదే."

"నాకున్నది ఒక్కటే రంగు కదయ్యా," అంది గవరమ్మ, తన ఎర్రటి చేతులు చూసుకుని.

"అదే మీ జబ్బు," అన్నాడు రంగయ్య.

"రాసినవి ఎక్కడ పెట్టానో మరిచిపోతే?"

"అందుకే కదండీ, తొర్రలు!"

గుహ ముందున్న మద్దిచెట్టుకు నాలుగు తొర్రలున్నాయి. పాత బేరగాళ్లకు రాసిన మాటలు కింది తొర్రలో. కొత్తవాళ్లను పిలిచే మాటలు దాని పైదాంట్లో. తిన్నవాళ్లు మెచ్చుకున్న మాటలు మూడోదాంట్లో. వానాకాలంలో చెప్పాల్సిన మాటలు ముందే రాసి, తడవకుండా అన్నిటికన్నా పై తొర్రలో. లేత టేకాకులు నలిపితే ఎర్రని రసం వస్తుంది. దానితో ముదురు టేకాకుల మీద రాయడం మొదలుపెట్టారు.

గవరమ్మకు ఆ పని ఎంత నచ్చిందో చెప్పలేం. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిన ఆకు చేతికొచ్చేది. తొర్రలు తుడిచేది, ఆకులు సర్దేది, మళ్లీ తీసి సర్దేది. 'నా బుర్ర బాగానే ఉంది, ఒక్కటీ మరిచిపోవడం లేదు,' అని మురిసిపోయేది.

ఆవకాయకు ఒక పద్ధతుంది. మూడో రోజున వాసెన విప్పాలి. పొడి చేత్తో అడుగుదాకా తిరగ కలపాలి. ఉప్పు చూసుకోవాలి. ముక్కలు మునిగేదాకా నూనె పోయాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి, ఇదే చెబుతారు.

మూడో రోజు రానే వచ్చింది. గవరమ్మ చేతులు తుడుచుకుని లోపలికి బయలుదేరింది.

"మామ్మగారూ! అప్పన్నకు రాసిన ఆకు కనకం ఆకుల్లో కలిసిపోయింది!" అని కేకపెట్టాడు రంగయ్య.

గవరమ్మ వెనక్కి వచ్చి ఆకు వెతికి సర్దింది. మళ్లీ లేచింది.

"మామ్మగారూ! మెచ్చుకోలు మాటల్లో కుందేళ్లవి ఒక్కటీ లేవు!"

"కుందేళ్లు ఆవకాయ తినవు కదయ్యా?"

"తినకపోతేనేం? మెచ్చుకోవడానికి అడ్డమా?"

అదీ రాసి పెట్టింది. మళ్లీ లేచింది.

"మామ్మగారూ! ఆకుల మీద మీ బొమ్మ గీయాలి. నవ్వుతూ గీయనా, గంభీరంగా గీయనా?"

గవరమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఇటు చూస్తే జాడీ, అటు చూస్తే తన బొమ్మ. జాడీ ఎక్కడికి పోతుంది? బొమ్మ ఉంటే తనను ఎవరూ మరిచిపోరు కదా!

"నవ్వుతూనే గియ్యి," అంటూ కూర్చుంది. కూర్చున్నది పొద్దు గూకేదాకా లేవలేదు. లేచాక ఎందుకు లేవాలనుకుందో గుర్తు రాలేదు.

ఇంటింటికీ పంపిన ఆకులు చదివి, సంత రోజున అడవంతా కదిలి వచ్చింది. ఎన్నడూ మొహం చూపించని ముళ్లపందులూ వచ్చాయి. అందరికన్నా ముందు అప్పన్న నిలబడ్డాడు, చేతిలో ఆకుతో.

"'అప్పన్నా, నీ నాలుక నిన్ను పిలుస్తోంది' అని రాశావు మామ్మా! అది చదివినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

గవరమ్మ గర్వంగా వాసెన విప్పింది. విప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ముక్కలు నూనె పీల్చేసుకుని ఎండిపోయి ఉన్నాయి. వాటి మీద దుప్పటి కప్పినట్టు తెల్లటి బూజు. ఒక్క ముక్కా పనికిరాదు. మూడో రోజు సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమిటి మామ్మా ఆ తెలుపు?" అని వరహాలు మూతి చాచాడు.

రంగయ్య కూడా అక్కడే ఉన్నాడు. బూజు రంగులోకి మారి జాడీ అంచున కూర్చున్నాడు కాబట్టి ఎవరికీ కనబడలేదు. గుసగుసగా అన్నాడు, "కంగారు పడకండి. 'ఈ ఏటి ప్రత్యేకం, వెన్న పూసిన ఆవకాయ' అని రాసేస్తాను. ఏ తొర్రలో పెట్టమంటారు?"

ఒక్క మాట అంటే చాలు, గుహ నిండిపోతుంది. తేనె, దుంపలు, ఇప్పపూలు. ఆ మాట గవరమ్మ పెదవిదాకా వచ్చింది కూడా. ఎదురుగా అప్పన్న అప్పటికే నాలుక బయటపెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"అప్పన్నా, నాలుక లోపల పెట్టుకోరా," అంది గవరమ్మ. "ఇది వెన్న కాదు, బూజు. తింటే కడుపు చెడుతుంది. మూడో రోజు కలపడం మరిచిపోయాను."

వరహాలు తన ఆకు బయటికి తీశాడు.

"'గవరమ్మ ఆవకాయ, ఎన్నటికీ మరిచిపోలేరు' అని మా ఇంటికి ఆకు పంపావు కదా?" అన్నాడు వరహాలు.

"పంపాను."

"నిజమే రాశావు మామ్మా. తినకుండానే మరిచిపోలేం."

సంతంతా పగలబడి నవ్వింది. రంగయ్య ఏ రంగులో వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

ఆ వానాకాలం అడవిలో అందరూ చప్పటి జావ తాగారు. ఆకు ఎదురుగా పెట్టుకుని, చదువుకుంటూ తాగారు. ఒక ముసురు రోజున వరహాలు రెండు దుంపలు తెచ్చి గవరమ్మ గుహ ముందు పెట్టాడు.

"ఇవెందుకురా? నీకు ఆవకాయ ఇవ్వలేదుగా," అంది గవరమ్మ.

"ఆకుకు మామ్మా. రాత మాత్రం మంచి కారంగా ఉంది."

ఆ దుంపలు కాల్చుకు తింటుంటే, పొగ వల్లో మరెందువల్లో, ఆమె కళ్లు మండాయి. తనను ఎవరూ మరిచిపోకూడదని కోరుకుంది. ఆ ఏడు ఆమెను నిజంగానే ఎవరూ మరిచిపోలేదు.

మరుసటి ఏడు గవరమ్మ ఒక్కటంటే ఒక్కటే ఆకు రాసింది. ఎవరికీ పంపలేదు. తన కంటికి ఆనేలా జాడీకే కట్టుకుంది. 'గవరమ్మా, మూడో రోజు తిరగ కలుపు' అని అందులో ఉంది. మూడో రోజున కలిపి, ఉప్పు చూసి, నూనె పోసి, కలిపినట్టు గుర్తుగా ఎర్రటి బొటనవేలు ఆ ఆకు మీద అద్దింది. సంతకు వెళ్లేటప్పుడు ఆకు విప్పడం మాత్రం మరిచిపోయింది.

సంతలో అందరూ ఆ ఆకు చదివారు. వేలిముద్ర చూశారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం కాకముందే జాడీ ఖాళీ అయిపోయింది.

కొమ్మ మీంచి రంగయ్య ఆకుపచ్చగా దిగి వచ్చాడు. ఆకు చదివి తల పంకించాడు.

"అబ్బ! ఏం రాశారండీ మామ్మగారూ! దీన్ని ఏ తొర్రలోంచి తీశారు?"

గవరమ్మ అడుగున మిగిలిన నూనెను గరిటెతో గీకుతూ ఎంతో ఆలోచించింది. ఆమెకు నిజంగానే గుర్తు రాలేదు.

"ఏ తొర్రలు నాయనా?"

నీతి: మన సరుకు గురించి నలుగురికీ చెప్పబోయే ముందు, లోపలికి వెళ్లి ఆ సరుకును ఒకసారి కలిపి రావాలి.