పది ఆకు పొట్లాలు

ఎర్రవాగు అడవిలో కుందేళ్లు, కోతులు, ఉడుతలు, జింకలు, ముళ్లపందులు ఉండేవి. వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద కనకవల్లి అనే తెల్లకొంగ కాపురముండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేటగాళ్ల ఉచ్చులు మాత్రం ఏ లోటూ లేకుండా వచ్చాయి. ఎండలు ముదిరేసరికి అడవిలో తల్లిలేని పిల్లలు పదిమంది మిగిలారు.

వాళ్లను ఆదుకోవాలని అడవిలోని తల్లులంతా కలిసి ‘అమ్మల సంఘం’ పెట్టుకున్నారు. మంచి పనే, కాదనడానికి లేదు. కనకవల్లిని అధ్యక్షురాలిని చేశారు. ఆమె తెల్లగా ఉంటుంది, మెడ చాపి మాట్లాడుతుంది, ఒంటికాలి మీద ఎంతసేపైనా నిలబడుతుంది. అధ్యక్షురాలికి ఇంకేం కావాలి?

ఆ సంఘంలో ఈదమ్మ అనే ముసలి ముళ్లపంది కూడా ఉండేది. దుంపలు తవ్వడంలో ఆమెకు సాటి లేరు. సంఘానికి చేరిన తిండిలో సగం ఆమె తవ్విందే. అయినా సభల్లో ఆమెను అందరికంటే వెనక కూర్చోబెట్టేవారు. ముందు కూర్చుంటే ఆమె ముళ్లు పెద్దలకు గుచ్చుకుంటాయట!

సంఘానికి ఒక నియమం ఉంది. ఎవరు ఏం తెచ్చినా సంఘానికే ఇవ్వాలి. విడిగా ఏ పిల్లకూ పెట్టకూడదు. తెచ్చినవన్నీ మోదుగాకుల్లో పొట్లాలు కట్టి, బండ కింద దాచి, సభ రోజున ముఖ్య అతిథి చేత ఇప్పించాలి. పొట్లం అందుకునే ముందు ప్రతి పిల్లా తన తల్లి ఎలా పోయిందో అందరికీ వినిపించాలి.

“అది వింటేనే కదా నలుగురి మనసూ కరిగేది!” అనేది కనకవల్లి.

పదిమందిలోకీ చిన్నది చుక్కి అనే జింకపిల్ల. ఈదమ్మ బొరియ పక్కన పొదలో పడుకునేది. ఒకరోజు అది ఈదమ్మను అడిగింది.

“అవ్వా, మా అమ్మ ఉచ్చులో పడ్డ సంగతి అందరి ముందూ చెప్పాలా? ఎవరూ చూడనప్పుడు వచ్చి పెట్టిపోకూడదా?”

ఈదమ్మ ఆ పూటే ఒక దుంప తవ్వి తెచ్చి చుక్కి ముందు పెట్టింది. చెట్టు మీది కోతి ఒకటి అది చూసింది. కోతి నోట్లో మాట ఆగుతుందా? మర్నాడు కనకవల్లి ఈదమ్మను నలుగురిలో నిలబెట్టి అడిగింది.

“ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటే ఇక సంఘం దేనికి ఈదమ్మా? మన పేరేం కావాలి?”

ఈదమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఇంకెప్పుడూ విడిగా పెట్టనని ఒప్పుకుంది.

ముఖ్య అతిథిగా ఏనుగమ్మను పిలిచారు. నాలుగు రోజుల్లో వస్తానంది. ఆ తర్వాత కొండ అవతల ఇంకో సభ ఉందని కబురు పెట్టింది. దాంతో సభ మరో వారానికి వాయిదా పడింది. పొట్లాలు బండ కిందే ఉన్నాయి. పిల్లలకు కృతజ్ఞతల పాట నేర్పడం మాత్రం ఒక్కరోజు కూడా ఆపలేదు.

చుక్కి డొక్కలు లోపలికి పోయాయి. ఈదమ్మ ఉండబట్టలేక కనకవల్లి దగ్గరికి వెళ్లింది.

“అమ్మా, ఒక్క పొట్లం విప్పుదాం. ఆ జింకపిల్ల నిలబడలేకపోతోంది.”

“పదిమంది పిల్లలు, పది పొట్లాలు. తొమ్మిదే కనిపిస్తే ఏనుగమ్మ ముందు నా తల ఎక్కడ పెట్టుకోను? ఇన్నాళ్లు ఆగింది, ఇంకో రెండు రోజులు ఆగలేదా?”

ఈదమ్మ తిరిగి వస్తూ బండ దగ్గర ఆగింది. చుక్కి పొట్లం ఏదో ఆమెకు తెలుసు. దాన్ని కట్టింది తనే. నార ముడి మీద పన్ను కూడా ఆనించింది. ఒక్క కొరుకు కొరికితే తెగిపోయేది. మళ్లీ నలుగురిలో మాట పడాల్సి వస్తుందని భయపడి వదిలేసింది. ఆమె చేసిన తప్పు అదే. అది చిన్న తప్పేమీ కాదు.

సభ రోజు పొద్దున్నే పిల్లలను వరుసగా ఎండలో నిలబెట్టారు. ఏనుగమ్మ మిట్టమధ్యాహ్నానికి వచ్చింది. మోదుగపూల దండ వేశారు. కనకవల్లి మాట్లాడింది. ఏనుగమ్మ అంతకంటే ఎక్కువసేపు మాట్లాడింది. పిల్లలు పాట పాడారు. అప్పుడు చుక్కిని ముందుకు పిలిచారు.

“మా అమ్మ... నీళ్లకని వాగుకు వెళ్లింది...” అని చుక్కి ఆగిపోయింది.

“గట్టిగా చెప్పమ్మా, వెనకవాళ్లకు వినపడాలి,” అంది కనకవల్లి.

చుక్కి ముందుకాళ్లు మడతపడ్డాయి. ఈదమ్మ వెనక నుంచి అందరినీ తోసుకుంటూ పరుగెత్తింది. ముళ్లు ఎవరికి గుచ్చుకుంటున్నాయో చూడలేదు. పొట్లాన్ని పళ్లతో చీల్చి దుంపను చుక్కి నోటికి అందించింది. దుంప బూజు పట్టి ఉంది. చుక్కి నోరు తెరవలేదు. ఇక ఎప్పటికీ తెరవదని ఈదమ్మకు కాసేపటికి అర్థమైంది.

ఏనుగమ్మ దండ తీసి పక్కన పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. తల్లులు మిగతా తొమ్మిది పొట్లాలూ అక్కడికక్కడే విప్పారు. సగానికి సగం పాడైపోయి ఉన్నాయి.

ఆ రోజుతో సంఘానికి ఎవరూ ఏమీ ఇవ్వడం మానేశారు. ఈదమ్మ దుంప తవ్వగానే మట్టి దులిపి ఏదో ఒక పిల్ల ముందు పెట్టేది. ఏమీ అడిగేది కాదు. మిగతా తల్లులూ అలాగే చేశారు. తొమ్మిదిమంది పిల్లలూ ఆమె బొరియ చుట్టూ ఆడుకుంటూ పెరిగారు. ముసలితనంలో ఆమెకు వాళ్లే అండ అయ్యారు. అయినా చుక్కి పడుకునే పొద వైపు మాత్రం ఈదమ్మ తలతిప్పి చూడలేకపోయేది.

కనకవల్లి ఒక్కతే అధ్యక్షురాలిగా మిగిలింది.

వానాకాలం వచ్చింది. ఒక గాలివానకు తుమ్మకొమ్మ విరిగి కనకవల్లి గూడు నేలపాలైంది. ఆమె రెక్క విరిగింది. గూట్లో రెక్కలు రాని పిల్లలు ఇద్దరు. కేకవేస్తే వినపడే దూరంలో తల్లులంతా ఉన్నారు. కానీ అందరికీ ఇప్పించిన నేను ఇప్పుడు అడుక్కోవాలా అని కనకవల్లి నోరు కుట్టేసుకుంది. రెండు రోజులు అలాగే గడిపింది. మూడోరోజు పొద్దున చూస్తే ఒక పిల్లలో కదలిక లేదు. అప్పుడు ఉడుతను బతిమాలి ఈదమ్మకు కబురు పంపింది.

ఈదమ్మ నోటి నిండా నత్తలు పట్టుకొచ్చింది. కదలని పిల్లను చూసింది. వెంటనే బతికున్నదాని నోట్లో నత్తను పెట్టింది. అది గుటుక్కున మింగి మళ్లీ నోరు తెరిచింది.

కనకవల్లి మెడ ముడుచుకుని మెల్లగా అంది.

“ఈదమ్మా, ఈ సంగతి ఎవరికీ చెప్పకు. నలుగురిలో తలెత్తుకోలేను. ఎవరూ చూడనప్పుడు వచ్చి పెట్టిపో.”

ఈదమ్మ ఇంకో నత్తను పిల్ల నోటికి అందించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అలాగే వస్తాలే అమ్మా,” అంది. “చుక్కి కూడా నన్ను ఇదే అడిగింది.”

నీతి: ఆకలితో ఉన్న పిల్లకు ముందు తిండి పెట్టాలి, సభలు ఆ తర్వాత. పేరు కోసం ఆ పిల్లను నిలబెట్టినవారిదే కాదు, అది తప్పని తెలిసీ ఊరుకున్నవారిదీ పాపమే.