ఉప్పుమడిలో మర్యాద

కామేశంగారికి ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు, చెప్పులేసుకునే అలవాటుంది. వైద్య కళాశాలలో నలభై ఏళ్ళు ఒంటి గుట్టు బోధించి, సముద్రపొడ్డున ఉప్పుమడుల పక్కన ఇల్లు కట్టుకున్నారు. శిష్యుడు భానుమూర్తి ప్రతి పరీక్షా రెండేసిసార్లు రాసినవాడు కనుక, ప్రతి సందేహమూ రెండేసిసార్లు అడిగేవాడు.

"రక్తపోటు తగ్గితే, మూత్రపిండాల కబురుతో పుట్టే హార్మోను ఉప్పూ నీళ్ళూ పట్టి ఉంచమంటుంది, నాళాలు బిగిస్తుంది. పోటు పెరిగితే, గుండె పంపే హార్మోనేమో వదిలెయ్యమంటుంది, నాళాలు సడలిస్తుంది. ఒకే ఒంట్లో ఈ తగువేమిటి గురువుగారూ? రాజీ కుదరదా?"

గురువుగారు చెప్పులేసుకున్నారు.

మడుల నిండా పొద్దుటి ఆకాశం పరుచుకుని ఉంది. మబ్బుల మధ్య గట్లు వేసి నడిపిస్తున్నట్టుంది. అక్కడ పోలయ్య, ఆదెమ్మ ఉమ్మడిగా ఉప్పు పండిస్తారు. ఆదెమ్మ కూతురు పోలయ్య ఇంటి కోడలు. కొత్త ఉప్పునీరు పెట్టే తూము వియ్యపురాలిది. ఉప్పు పేరాక మిగిలిన చేదునీరు వదిలే తూము వియ్యంకుడిది.

"ఏమయ్యోయ్, మడి ఎండగడతావా?"

"ముంచేది నువ్వు. నీ పిల్లకీ అదే బుద్ధి, కూరంతా నీళ్ళే."

రేపే ఉప్పు తీయాలి. ఈ మడి చెడితే ఇద్దరూ పది రోజులు ఎండలో ఊరికే మాడినట్టు. భానుమూర్తి మనసు కరిగింది. ఎదుటివారు సరేనంటేనే తూము ముట్టుకుంటామని ఇద్దరిచేతా మనవడి మీద ఒట్టేయించాడు. గురువుగారు వారించలేదు.

ఆ పూట మడుల మీద అంత శాంతి మునుపెన్నడూ లేదు.

"తమరు వదలండి అన్నయ్యగారూ."

"అబ్బే, ముందు తమరు పెట్టండి చెల్లెమ్మగారూ."

"తమ ఇష్టం."

"అయ్యో, తమ ఇష్టం."

కాసేపటికి అదీ ఆగిపోయింది. ఎండ జోలపాటలా జుమ్మంటోంది. కొంగలు తమ నీడల మీదే ఒంటికాలిపై కునికాయి. పాకలో నడుం వాల్చిన భానుమూర్తికి తన ఒళ్ళే ఒక మడి అయినట్టు, నెత్తురు ఏ తగువూ లేకుండా తెల్లగా, నెమ్మదిగా తేలిపోతున్నట్టు కల వచ్చింది. ఎంతో హాయిగా ఉంది. నాలుక మాత్రం ఎందుకో పిడచకట్టుకుపోతోంది.

లేచేసరికి పొద్దు వాలింది. కొత్తనీరు పెట్టలేదు, చేదునీరు వదల్లేదు. ఉన్నదంతా ఉప్పు మీదే ఇగిరిపోయింది. ఆదెమ్మ చిటికెడు నోట్లో వేసుకుని ఉమ్మేసింది. పోలయ్యా రుచి చూశాడు. చేదు. మర్యాదకొద్దీ ఇద్దరూ నోరెత్తలేదు. పక్క మడిలో ఇంకా అంగుళం నీళ్ళున్నాయి. దాని గట్టు మీదకు చేరి, ఒకరి సెలవు కోసం ఒకరు చూస్తూ నిలబడ్డారు.

"కాళ్ళ మీద పడి క్షమాపణ అడుగుతాను గురువుగారూ," అన్నాడు భానుమూర్తి ఏడుపు గొంతుతో.

"అడక్కు. మర్యాదస్తులు, క్షమించేస్తారు," అన్నారు గురువుగారు. "ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమని చెప్పి, ఇవతలికి వచ్చెయ్."