అడివిపంది కూరకి రాజుగారి కాపలా

అనగనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో గైరమ్మ అని ఒక కోడలుపిల్ల ఉండేదర్రా. ఆవిడ మొగుడు సన్యాసి. వాళ్ళ చిలగడదుంపల చేను కుళ్ళగించేస్తున్న అడివిపందిని ఒకనాడు పొద్దున్నే బల్లెంతో పొడిచి ఇంటికి మోసుకొచ్చాడు.

గైరమ్మ ఏం చేసింది? బొచ్చు కాల్చింది, కత్తితో గీకింది, కడిగింది, ముక్కలు కోసింది, పసుపు పట్టించింది. అల్లం నూరింది, వెల్లుల్లి నూరింది, ఎండుమిరపకాయలు నూరింది. నూనె చుక్క వెయ్యక్కర్లా, ఆ కొవ్వే కరిగి నూనవుతుంది. అన్నీ కుండలో వేసి పొయ్యెక్కించింది. ఊఁ అనరేం, అప్పుడే కునుకా?

ఆ వాసన పోయిపోయి రాజుగారి ముక్కుకి తగిలింది. ఆయన కోట దిగి, వాగు దాటి, చేలగట్లమీద పడుతూ లేస్తూ నలుగురు భటుల్తో వచ్చేశాడు. నా అడివిలో పంది నాదే అన్నాడు. సన్యాసిని స్తంభానికి కట్టేయించాడు. పొద్దుగూకేలోగా కూర మెత్తగా ఉడికిందా సరే, లేదా నీ మొగుడు చెరసాలకే అన్నాడు.

అడివిపంది తోలు ఉడకడమంటే మాటలా? రాజుగారు ఆగితేగా! మూత తీస్తాడు, ఉడికిందా అంటాడు. లేదు ప్రభూ అంటుంది. మూత పెడతాడు, మళ్ళీ తీస్తాడు. తీసినప్పుడల్లా ఆవిరి పోయె, ఆవిరితో వేడి పోయె, ముక్క రాయిలా బిగుసుకుపోయె. పొద్దేమో వాలిపోతోంది.

గైరమ్మకి ఏడుపొచ్చింది, ఆనక ఒళ్ళు మండింది. రాజుగారి దగ్గరికెళ్ళి, "ప్రభూ, ఇది మహా పొగరుబోతు పంది. ఇంకొక్కసారి మూత తీశారో, ముక్కలన్నీ అతుక్కుని లేచి పారిపోతుంది" అంది.

రాజుగారు హడలిపోయి, తలపాగా చేతులకి చుట్టుకుని మూత నొక్కి పట్టుకున్నాడు. కాసేపటికి ఆవిరి పొంగి మూత టకటకా కొట్టుకుంది.

"తంతోందిరోయ్! పట్టుకోండి!" అని ఒకటే కేక. ఇద్దరు భటులు మూతమీద చేతులేశారు, ఒకడు పొయ్యికడ్డంగా బల్లెం పెట్టాడు, నాలుగోవాడు పెరటితలుపు గడియేశాడు. గైరమ్మ తాపీగా సన్నసెగ ఎగదోస్తూ కూర్చుంది.

పొద్దుగూకేసరికి ముక్క వెన్నపూసలా ఉడికిపోయింది. రాజుగారు తిని, వేళ్ళు నాకి, సన్యాసి కట్లు తనే విప్పి, పక్కన కూచోబెట్టుకుని మళ్ళీ తిన్నాడు. అందరూ తిన్నారు. అప్పుడొచ్చింది ఆయనకి అనుమానం.

"అవునూ, ఆ తన్నింది ఎటు పోయిందే?"

"మీ పొట్టలోకే ప్రభూ" అంది గైరమ్మ.

అంతే, రాజుగారు టక్కున నోరు మూసేసుకున్నాడు. తెరిస్తే పారిపోదూ మరి! మూడు రోజులు పెదవి విప్పలేదు, ఒక్క హుకుం లేదు. రాజ్యమంతా హాయిగా ఉంది.

అందుకే పొయ్యిమీద కుండ దగ్గర తొందరపడకూడదర్రా. ఇహ కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.