తోక పట్టిన జమేదారు

ఇవాళ అడవి కోర్టులో నువ్వూ ఉన్నావు, మేకల వెనక, నా పక్కనే. ఏం చూశావో చెప్పు. నోరు పెగలడం లేదా? అయితే నేనే చెబుతాను, విను. కాడి మోసి మోసి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దుని. భయపడే ఓపిక కూడా నాకిప్పుడు లేదు.

బోనులో గాడిద. చెరుకుతోట మేసిందని కేసు. దాని వెనక పోలీసు జమేదారు రేచుకుక్క, గాడిద తోకని పళ్ళ మధ్య బిగించి పట్టుకుని. పైన ఏనుగు దొరవారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ముఖాలు చూస్తే మనసు ఒరుగుతుందని, విచారణ ముగిసేదాకా కళ్ళు తెరవకపోవడం ఆ కోర్టు ఆచారం.

"పోలీసులు నిన్ను కొట్టారా?" అందరినీ అడిగే ప్రశ్నే దొరవారు అడిగారు.

తోక మీద పళ్ళు ఇంకాస్త దిగాయి. అంతకుముందు కుందేలూ, అడవిపందీ ఇలాగే నిలబడి "లేదు దొరా" అనేసి మళ్ళీ పోలీసు కుక్కల గుహకే పోయాయి. ఈసారి ఆ గుహకి వెళితే తను బతికి రాదని గాడిదకి తెలుసు.

"నన్నెందుకు దొరా అడగడం," అంది మెల్లగా. "జమేదారుగారు అబద్ధమాడరు. వారినే అడగండి."

"ఏం జమేదార్, కొట్టావా?"

"ఊఁ... ఊఁ..."

"కొట్టాననా, లేదనా?"

"ఊఁ."

"కోర్టులో మూలుగుతావేం? నోరు తెరిచి చెప్పు. లేకపోతే నిన్నే బోనెక్కిస్తాను."

కుక్క నోరు తెరిచింది. "లేదు దొరా. తాకనైనా లేదు."

తోక పళ్ళ నుంచి జారింది. గాడిద గబగబా అందుకుంది. "కొట్టారు దొరా. వీపు మీద చర్మం లేదు. ఆచారం కాస్త పక్కనపెట్టి చూడండి."

దొరవారు కళ్ళు తెరిచారు. కుక్క పళ్ళ సందున తోక వెంట్రుకలు వేలాడుతున్నాయి.

"అవేమిటి జమేదార్?"

"పొద్దున తిన్న గడ్డి దొరా."

మేకలు కిసుక్కుమన్నాయి. నువ్వూ నవ్వావు. కుక్క తల తిప్పి చూడగానే అన్ని చూపులూ నేలకి దిగాయి.

"నవ్వినవాళ్ళలో చూసినవాళ్ళెవరు?" దొరవారు అడిగారు.

నేను లేచాను. "నేను చూశాను దొరా. ఇంతసేపూ తోక దాని నోట్లోనే ఉంది."

దొరవారు నిట్టూర్చారు. "నేను చూసింది వీపు మీది గాయాల్నీ, వెంట్రుకల్నీ; కొట్టడాన్నీ, కొరకడాన్నీ కాదు. నీ ఒక్కడి మాట చాలదు. రేపటిదాకా గాడిద నా కొట్టంలో ఉంటుంది. రెండో సాక్షి రాకపోతే గుహకి పంపక తప్పదు."

కుక్క నాలుకతో పళ్ళు తుడుచుకుంటూ బయటికి నడిచింది. గాడిద చేతిలో ఓడిపోయింది కదా, అయినా దాని నడకలో తొందర లేదు. మన సంగతి దానికి తెలుసు.

అందరూ చూసి ఎవరూ చెప్పని దెబ్బ, కొట్టినవాడి లెక్కలో దెబ్బే కాదు.

పొద్దున్నే కోర్టు. నేను వెళుతున్నాను. నువ్వు వస్తావా?