పున్నమ్మ పీకిన పూత మొక్క

మా అవ్వకు అవ్వ ఇంకా పుట్టలేదు, ఊరి పక్క వాగుకి ఇంకా పేరే పెట్టలేదు. అంత ముందటి మాట ఇది. మధ్యలో ఎవరూ లేవకండి. లేస్తే నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పను.

నల్లరేగడి నేలల్లో ఒక ఊరుంది. ఊరందరికీ మిరప తోటలే. ఆ ఊళ్ళో పున్నమ్మ అని కలుపు తీసే ముసలి కూలిమనిషి. మొగుడు లేడు, పిల్లల్లేరు, గజం భూమి లేదు. ఏ పూట కూలికి ఆ పూట గంజి. ఆమెకో పిచ్చి ఉండేది. కలుపు మొక్క పీకితే అందరిలా గట్టు మీదికి విసిరేది కాదు. వేరు దులిపి చూసేది, నొక్కి చూసేది, వాసన చూసేది. అందుకే ఆమె సాలు ఎప్పుడూ వెనకబడేది.

"ఏం పున్నమ్మా, బంగారం దొరికిందా?" అని తోటి ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"ఏముందో చూడకపోతే ఎట్టా తెలుసుద్దే?" అనేది.

ఆ ఊరికి మూడేళ్ళు వరసగా కరువొచ్చింది. ఆ దెబ్బకి జనానికి ఒకటే భయం పట్టుకుంది. ఆకు వాలిందంటే చాలు, ఎద్దుల్ని తోలి, బావికి మోట కట్టి, నీళ్ళు తోడి పెట్టేవాళ్ళు.

నాలుగో ఏడు ముసురు పట్టింది. ఏడు రోజులు వదల్లేదు. తర్వాత చుర్రుమని ఎండ కాసి నేల పైపైన బీటలిచ్చింది. నల్లరేగడి సంగతి మీకు తెలుసుగా, పైన అప్పడంలా ఎండినా లోపల నీళ్ళు పట్టుకునే ఉంటుంది. మిరప అప్పుడే పూత మీద ఉంది. ఆకులన్నీ వాలిపోయాయి.

ఎల్లమంద అని ఆ ఊళ్ళో పెద్ద రైతు. పున్నమ్మకు ఎక్కువ కూలి అతని చేలోనే. ఎల్లమంద మోట కట్టాడు, అతన్ని చూసి ఊరంతా కట్టింది. మొదటి రోజు నీళ్ళు పెట్టారు, ఆకు ఇంకా వాలింది. రెండో రోజు ఇంకా పెట్టారు, ఆకు పండింది. మూడో రోజు ఇంకా ఇంకా పెట్టారు, ఆకు రాలింది. "పాపం, ఎంత దాహమో" అన్నారు. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

పున్నమ్మ నడి చేలోకి పోయి పూత మీదున్న మిరప మొక్కని వేళ్ళతో సహా పీకేసింది. ఆ ఊళ్ళో పూత మొక్కని పీకడం మహా తప్పు. పీకిన చేతికి మళ్ళీ ఎవరూ పనివ్వరు.

ఎల్లమంద పరిగెత్తుకొచ్చాడు. "నీకేమన్నా మతి పోయిందా?"

"వాసన చూడయ్యా."

చూశాడు. వేరు నల్లగా, జిగటగా, కుళ్ళు కంపు కొడతంది.

"తెల్లగా ఉండాల్సిన వేరయ్యా. నీళ్ళలో మునిగి ఊపిరాడక చచ్చిపోతంది. వేరు చస్తే ఆకుకి నీళ్ళెవరు మోస్తారు? అందుకే వాలింది."

"వేరుకి ఊపిరేంది?"

"ఒక మడి నాకొదిలిపెట్టు, చూద్దాం. అది కూడా చచ్చిందా, ఈ ఊళ్ళో నాకు గంజి లేదనుకుని పోతా."

ఎల్లమంద సరేనన్నాడు.

మొదటి రోజు మడి చుట్టూ కాలవ తవ్వింది. నల్లటి నీళ్ళు వాగులోకి దిగాయి. రెండో రోజు సాళ్ళ మధ్య మన్ను గుల్ల చేసింది. మూడో రోజు బొబ్బలెక్కిన చేతులతో గట్టు మీద కూర్చుంది. ఆకులు వాలే ఉన్నాయి. పున్నమ్మకూ భయం వేసింది, ఎందుకు వెయ్యదు? ముసల్తనంలో ఊరు వదిలి ఎక్కడికి పోద్ది?

ఎనిమిదో రోజు పొద్దున కొసన చిగురొచ్చింది. ఊరంతా పారలు పట్టుకుని కాలవలు తవ్వింది. సగం చేలు దక్కాయి.

ఆ చలికాలమే పున్నమ్మ జ్వరమొచ్చి చనిపోయింది.

మరుసటి ఏడు వాన లేదు. మిరప ఆకు వాలింది. "నీళ్ళు పెట్టొద్దు, అది పున్నమ్మ మాట" అన్నారందరూ. కాలవలు తవ్వి కూర్చున్నారు. చూడండి మనుషుల తెలివి.

మొదటి రోజు వాలింది, రెండో రోజు ముడుచుకుంది, మూడో రోజు ఎల్లమంద ఉండబట్టలేకపోయాడు. "పున్నమ్మ నీళ్ళు పెట్టొద్దనలేదురా. చూడమంది" అని, పూత మొక్కని తనే పీకాడు. వేరు తెల్లగానే ఉంది. తడి కోసం వెతుక్కుంటూ కిందికి కిందికి మూరెడు దిగింది. మోచేతి లోతున కూడా మన్ను పొడిపొడిగా ఉంది. "ఇది దాహమే" అని అక్కడే ఏడ్చాడు, మోట కట్టించాడు. తెల్లారేసరికి ఆకులు లేచాయి.

ఇప్పుడు మోటలు పోయి మోటర్లొచ్చాయి. అయినా ఆ వైపు ఆకు వాలితే ఎవరూ మీట నొక్కరు. "పున్నమ్మని అడిగారా?" అంటారు. అంటే ముందు ఒక మొక్క పీకి చూడాలని. పీకేది ఆసామి కాదు, ఆ పూట చేలో ఉన్న కూలి ఆడమనిషి. ఆమె వేరు దులిపి, వాసన చూసి, చెప్పేదాకా ఎన్ని ఎకరాల ఆసామైనా గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.